ఎండదెబ్బ తగిలిన కారు

ఆ రోజుల్లో ఆదోనిలో కార్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఏ కారు వస్తోందో తలెత్తి చూడకుండానే చెప్పగలిగిన మొనగాళ్లు పత్తి మార్కెట్టు వీధిలో పదిమందైనా ఉండేవారు. పెద్దశెట్టి కారైతే చెవిటివాడు కూడా చెప్పేవాడు. ఆ నల్ల అమెరికా బండి దగ్గుతూ వచ్చేది, మూలుగుతూ ఆగేది. పెద్దశెట్టి అంటే పత్తి వ్యాపారి చెన్నకేశవులు శెట్టి. బండిని మొదటి రోజు నుంచీ తోలినవాడు నాగన్న. ఊళ్లో నాగన్నలు చాలామంది ఉన్నారు గనుక అతణ్ణి కారు నాగన్న అనేవారు. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే అతని ఛాతీ రెండంగుళాలు ఉబ్బేది. పైకి మాత్రం వినపడనట్టు నటించేవాడు.

కారున్న మారాజులందరూ వెనక సీట్లో కూర్చుంటే, పెద్దశెట్టి ముందు డ్రైవరు పక్కన కూర్చునేవాడు. మొదట్లో ఆయనా వెనకే కూర్చున్నాడు. కారు కొన్న రెండేళ్లకు ఒకరోజు పొద్దున్నే వచ్చి ముందు తలుపు తీసుకుని ఎక్కేశాడు. "వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతాంది నాగన్నా" అన్నాడు. మార్కెట్టు వీధి నెలరోజులు నవ్వుకుంది. అంత ఆస్తిపరుడు క్లీనరు సీట్లో కూర్చోవడమేమిటని! ఆయన పట్టించుకుంటేగా. పంచె మోకాళ్ల పైకి లాక్కుని, పొడుం పీలుస్తూ, దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేవాడు. ఎమ్మిగనూరు పోయినా అంతే, ఆలూరు పోయినా అంతే. దారిలో ఎక్కడ బాణలి కనబడితే అక్కడ ఆపించి మూడు పొట్లాలు మిరపకాయ బజ్జీలు కట్టించేవాడు. ఒకటి తనకు, ఒకటి నాగన్నకు, ఒకటి వెనక సీట్లో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్న కొడుకు రంగనాథానికి.

ఆ కాలం అట్లాగే ఉండిపోతే ఎంత బాగుండేది! యాభై అయిదో సంవత్సరం కార్తీకంలో పెద్దశెట్టి నిద్రలోనే పోయాడు. వ్యాపారం రంగనాథం చేతికొచ్చింది. ఇరవై నాలుగేళ్లవాడు, చెడ్డవాడేం కాదు, మాట తక్కువ. కారంటే మాత్రం ఎందుకో గిట్టదు. ఉగాదినాడు నాగన్నకు కొత్త పంచెల చాపు చేతిలో పెట్టి, దాంతోపాటే ఈ మాటా పెట్టాడు.

"ఇంకొక్కసారి ఇది మూలపడిందంటే పాత ఇనుము గుజరీకి తూకానికి వేసేస్తా నాగన్నా. లారీ కొంటా. దానికి మనిషిని కూడా చూసినా. నువ్వు ఊరికి పోయి చల్లగా ఉండు."

ఊరంటే ఆలూరు దగ్గర ఒక పల్లె. అక్కడ నాగన్నకు ఉన్నది రెండెకరాల రాళ్లు. తిండికి భయం లేదు, అల్లుడు మంచివాడు, ముద్ద పెడతాడు. కానీ కారు లేకపోతే ఇక కారు నాగన్న ఎవడు? యాభై రెండేళ్లొచ్చాక మనిషి మళ్లీ ఉత్త నాగన్న ఎట్లా అవుతాడు? ఆ దిగులుతో అతను ఆ రోజు ఒబ్బట్లు కూడా ముట్టలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు పడటానికి నెల కూడా పట్టలేదు. రంగనాథం తల్లి ఈశ్వరమ్మను గోనెగండ్లలో పెళ్లివారింట దింపి, నాగన్న ఒక్కడే తిరిగి వస్తున్నాడు. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద ఎండ పెనం మీద నూనెలా ఆడుతోంది. ఎమ్మిగనూరు ఇంకా ఆరు మైళ్లుందనగా ముందు కాలిన వాసన వచ్చింది, తర్వాత బానెట్టు సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది, ఆ తర్వాత ఇంజను గొంతు పట్టేసినట్టు గురగురమని ఆగిపోయింది.

తలగుడ్డ విప్పి, దాన్ని పట్టుగా చేసుకుని, మొహం పక్కకు తిప్పుకుని రేడియేటరు మూత తీశాడు. ఆవిరి నిలువెత్తున లేచింది. డిక్కీలో ఎప్పుడూ ఉండే నీళ్ల డబ్బా లేదు. గోనెగండ్లలో పెళ్లివారు చేతులు కడుక్కోవడానికని పట్టుకుపోయినవారు తిరిగి ఇవ్వలేదు. వాళ్లను మనసారా తిట్టుకుంటూ, మూత అట్లాగే తీసి పెట్టి, దూరంగా కనబడుతున్న పల్లె వైపు నడిచాడు. బిందె అడుక్కుని, దిగుడుబావిలో అడుగంటిన నీళ్లు తోడుకుని తిరిగి వచ్చేసరికి గంటన్నర పట్టింది. నీళ్లు పోశాడు. సగం బిందెకే రేడియేటరు నిండింది. అప్పుడు దాని గురించి ఆలోచించే తెలివి ఎక్కడిది? హ్యాండిలు పెట్టి తిప్పబోతే కదల్లేదు. బలంగా తిప్పితే లోపల ఏం విరుగుతుందోనని వదిలేశాడు.

ఆ పల్లెవాడే సుంకప్ప అనే రైతు జత ఎద్దులు తెచ్చి, మోకు కట్టి కారును ఎమ్మిగనూరు లాక్కుపోయాడు. స్టీరింగు పట్టుకుని ఎద్దుల వెనక కూర్చోవడం కంటే నాగన్నకు చావు నయమనిపించింది. రాట్నాల ముందు కూర్చున్న ఆడవాళ్లు లేచి వచ్చి మరీ చూశారు. "ఎద్దులకు పెట్రోలు ఎంత పోసినావప్పా?" అని ఒక ముసలాయన అడిగాడు.

ఎమ్మిగనూరులో సాలెవీధి వెనక మేస్త్రీ బజారి షెడ్డు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక పొయ్యిలాంటి డ్రమ్ము, తెల్లవారుజామునే దాన్ని విసిరి విసిరి రాజేస్తే గాని బండి కదిలేది కాదు. అట్లాంటి బస్సు మీద నాగన్న, బజారి కలిసి నాలుగేళ్లు పొగ మింగారు. చేగుడి మిట్ట ఎక్కాల్సివస్తే ప్రయాణికులు దిగి తోసేవారు, ఎక్కాక నవ్వుతూ మళ్లీ కూర్చునేవారు. ఇప్పుడు బజారి ఎమ్మిగనూరులో పేరున్న మేస్త్రీ. ఇంజను మీద చెయ్యి వేస్తే చాలు, జబ్బు చెబుతాడని పేరు.

పొద్దు వాలుతుండగా అతను రేడియేటరులో పుల్ల ముంచి తీశాడు. పుల్లకు తెల్లగా, విరిగిన పాలలాంటిది అంటుకుని వచ్చింది. బజారి మొహం మాడిపోయింది.

"ఐపాయనప్పా నాగన్నా. నీళ్లల్లో నూనె కలిసి ఇట్ల తెల్లగ అయితాది. గాస్కెట్టు పోతే అదృష్టమే. నాకైతే ఇంజను బ్లాకే పగిలినట్టుండాది. బ్లాకు పగిలితే ఇంగ ఇనప సామాను కింద లెక్క."

దాచి లాభం లేదు. ఆదోని పోయే ఆఖరి బస్సు డ్రైవరుతో నాగన్న ఆ మాటే కబురు పంపాడు. మర్నాడు పొద్దున మొదటి బస్సులో చీటీ వచ్చింది. బజారి చదివి వినిపించాడు. సాయంత్రంలోగా నిజం తేల్చి చెప్పాలి. బ్లాకు పోయినమాట నిజమైతే గుంతకల్లు గుజరీవాణ్ణి అక్కడికే పంపిస్తాను, కారు ఆదోనికి తేవద్దు. రంగనాథం రాసింది ఇంతే. నాగన్న కారు మడ్గార్డు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయని తెలిసీ తుడుచుకోలేదు.

బజారికి మాత్రం రాత్రంతా ఏదో గుచ్చుతూనే ఉందట. పొద్దుటి వెలుతురులో, ఇంజనులో నూనె కొలిచే కమ్మీ బయటికి లాగి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. నూనె నల్లగా, శుభ్రంగా ఉంది. నీటి చుక్క జాడ లేదు. ఆరు ప్లగ్గులూ విప్పాడు. అన్నీ పొడిగా ఉన్నాయి.

"ఇదేం యవ్వారమప్పా? బ్లాకు పగిలింటే నీళ్లు నూనెలోకి దిగల్ల, ప్లగ్గులు తడవల్ల. ఈడేమో ఏం లేదు. ఆ తెలుపు యాడిది మరి?"

రేడియేటరులో వేలు పెట్టి, ఆ తెల్లటిదాన్ని రెండు వేళ్ల మధ్య నలిపాడు. జిడ్డు లేదు. వాసన చూశాడు. మళ్లీ చూశాడు. చివరికి నాలుక మీద పెట్టుకున్నాడు. నాగన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఓరి నీ పాసుగూల! మజ్జిగరా ఇది!"

"మజ్జిగేంది? నేను బావినీళ్లు పోసినా."

ఎద్దులకు లాడాలు కొట్టించుకుని పోదామని రాత్రి అక్కడే ఆగిన సుంకప్ప ఇంతసేపూ షెడ్డు గడపలో బీడీ తాగుతున్నాడు. ఇప్పుడు ఆ బీడీ పారేసి, తల గోక్కున్నాడు.

"అది నా పెండ్లాం ఉచ్చీరమ్మ పని అప్పా. నిన్న నాకి సేనికి సద్ది తెస్తాండె. దోవలో కారు నోరు తెరుసుకొని, పొగలు కక్కుతా, దిక్కులేకుండ పడుండాదంట. ఎండదెబ్బ తగిలినోళ్లకు వట్టినీళ్లు పోస్తే పానం పోతాది, మజ్జిగ పొయ్యల్ల అని సట్టెడు మజ్జిగ దాన్నోట్లో పోసొచ్చింది. ఒక్కసారిగ కాదంట, రోంత రోంత, ఊపిరి తీసుకోనిచ్చి పోసిందంట. నాకేమో వట్టి రొట్టె! నిన్న నేను బయల్దేరేదాంక ఇదే గలాట మాకు. నువ్వు కొడతావేమోనని సెప్పల్యా."

బజారి నేల మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. నాగన్నకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వు ఆగాక బజారి కళ్లు తుడుచుకుని, నాగన్న మొహం మీద వేలు ఆడించాడు.

"ఆయమ్మకు కొత్త సీర పెట్టు నువ్వు. కాగిన ఇంజనులో బిందెడు సన్నీళ్లు గబాల్న గుమ్మరించింటివంటే బ్లాకు అప్పుడే పెటిల్లుమనేది. మెల్లగ మజ్జిగ పోసి సల్లార్చి ఆయమ్మే కాపాడింది."

అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. ప్లగ్గుల రంధ్రాల్లో తలా ఒక చెంచా నూనె పోసి, గంటసేపు నాననిచ్చి, హ్యాండిలు వేశారు. మొదట మొరాయించింది, తర్వాత మెల్లగా తిరిగింది. నాగన్న హ్యాండిలు తిప్పుతుంటే బజారి ఒక్కొక్క రంధ్రం మీద బొటనవేలు నొక్కి పెట్టాడు. ఆరుసార్లూ లోపలి గాలి అతని వేలిని నెట్టేసింది. "దమ్ముండాది" అన్నాడు. చాకలివాళ్ల దగ్గర సౌడుమన్ను తెప్పించి, వేడినీళ్లలో కలిపి, రేడియేటరును మూడుసార్లు కడిగారు. ఉచ్చీరమ్మ మజ్జిగంతా తెల్లటి ముద్దలుగా కాలవలోకి పోయింది. మంచినీళ్లు పోసి, మూత తీసే ఉంచి, ఇంజను స్టార్టు చేశారు. నీళ్లలో బుడగలు రాలేదు. వెనక గొట్టంలోంచి తెల్లపొగ రాలేదు. బజారి పొడుగాటి కర్ర ఒక కొస ఇంజను మీద, ఇంకో కొస చెవికి ఆనించి కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"గట్టి గుండెకాయ. దీనికేం కాల్యా."

నాగన్న అతణ్ణి కావలించుకున్నాడు. బజారి విడిపించుకుని, కారు కిందికి దూరి, కింది రబ్బరు గొట్టం దగ్గర వేలు పెట్టి చూశాడు. పట్టీ వదులై చుక్క చుక్క కారుతోంది. బిగించి బయటికి వచ్చాడు. వచ్చినవాడు నవ్వడం లేదు.

"సుక్క సుక్క కారి ఇంత కాగల్లంటే అరగంటన్నా పడతాది. అంతసేపు మీటరు ముల్లు ఎర్రగీత కాడ మొత్తుకుంటాండింటాది గదప్పా. నువ్వు యాడ సూస్తాంటివి?"

నాగన్న చెయ్యి పట్టుకుని బజారి అతణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి అడిగాడు. "ఇప్పుడు యాడుండాది ముల్లు? సెప్పు."

నాగన్న ముందుకు వంగాడు, వెనక్కి వాలాడు, కళ్లు చికిలించాడు. దూరాన వేపచెట్టు మీద కాకి ముక్కు కూడా కనబడుతోంది. మూరెడు దూరంలో ఉన్న మీటరు మాత్రం తెల్లటి మసక.

"సత్వారం" అన్నాడు బజారి మెల్లగా. "ఎన్నాళ్లయి?"

"ఏడెనిమిదేండ్లు."

"మరి ఇన్నాళ్లు ముల్లు ఎవరు సూసినారు?"

ఆ ప్రశ్నతో నాగన్న చెవుల్లో పెద్దశెట్టి గొంతు మోగింది. "నాగన్నా, ముల్లు లేస్తాంది, యాడన్నా నీడకు ఆపప్పా." "నాగన్నా, నూనె ముల్లు పడిపోతాంది సూడు." దారి పొడుగునా, మాటల మధ్యలో, పొడుం పీల్పుల మధ్యలో ఆ గొంతు. ముసలాయనకు ఊరికే చాదస్తమని నాగన్న విసుక్కునేవాడు కూడా. తను ఎవరికీ చెప్పలేదు. కళ్లజోడు పెట్టుకున్న డ్రైవరు బస్సు ఎక్కబోతే జనం దిగిపోవడం అతను కళ్లారా చూశాడు. అందుకే పెళ్లానికి కూడా చెప్పలేదు. పెద్దశెట్టికి ఎట్లా తెలిసింది?

తెలిసిన రోజు ఇప్పుడు గుర్తొచ్చింది. తొలకరి వాన పడ్డ మర్నాడు జొన్నగిరి చేలల్లో జనంతో పాటు వీళ్లూ దిగారు, వజ్రాల కోసం రాళ్లు ఏరడానికి. శెట్టికి అదొక సరదా. మెరిసే రాయి ఒకటి ఏరి నాగన్న చేతిలో పెట్టి "వజ్రమేనా చూడు" అన్నాడు. నాగన్న రాయిని చెయ్యి చాచి చూశాడు, ఇంకా చాచాడు, చెయ్యి చాలలేదు. "వజ్రమే సామీ" అన్నాడు. అది పగిలిన సోడాబుడ్డి ముక్క. శెట్టి నవ్వలేదు. మర్నాడు పొద్దున కడుపులో తిప్పుతోందని వచ్చి ముందు కూర్చున్నాడు.

నాగన్న స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. పెద్దశెట్టి పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

బజారి మూలనున్న పాత సామానులోంచి తెగిపోయిన ఫ్యాను బెల్టు ఒకటి తీసి దుమ్ము దులిపాడు. "ఇది తీస్కపో. బెల్టు తెగింది, అందుకే కాగింది అని సెప్పు. బెల్టు తెగితే దేవుడు కూడా ఏం సేయలేడు. కారూ నిలుస్తాది, నీ సీటూ నిలుస్తాది."

నాగన్న తీసుకున్నాడు. ఎందుకు తీసుకోడు? మునిగేవాడికి గడ్డిపోచ కూడా తెప్పే.

ఆదోని దారిలో ముల్లు భయం పట్టుకుంది. నాలుగు మైళ్లకొకసారి బండి ఆపాడు. డ్రైవరు సీట్లోంచి ఏమీ కనబడదు గదా. దిగి, వెనక తలుపు తీసి, వెనక సీట్లో కూర్చుని చూశాడు. అక్కణ్ణించి ముల్లు సుబ్బరంగా కనబడింది. పదేళ్లలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. మెత్తగా ఉంది. ఎదురుగా ముందు సీట్ల వీపులు తప్ప ఇంకేమీ లేవు. రేపు ఈ సీట్లో ఈశ్వరమ్మ కూర్చుంటుంది. ఎల్లుండి రంగనాథానికి పెళ్లయి పిల్లలు పుడితే వాళ్లు కూర్చుంటారు. ముందు కూర్చుని ముల్లు చూసేవాడు లేడు. రెండోసారి ఆపినప్పుడు కూడా నాగన్న ఇదే అనుకున్నాడు. మూడోసారికి బెల్టు వైపు చూడటానికి సిగ్గేసింది.

రంగనాథం జిన్ను ఆవరణలో పత్తి బేళ్ల పక్కన నిలబడి ఉన్నాడు. కారు తన కాళ్ల మీద తను రావడం చూసి కనుబొమలు ఎగరేశాడు.

"బ్లాకు పగిలిందంటివే?"

"పగలలేదు సామీ. ఇంజను రాయి మాదిరి ఉండాది." నాగన్న తెగిన బెల్టును బేలు మీద పెట్టాడు. "ఇది తెగి కాగిందని సెప్పమన్యాడు బజారి. అది అబద్ధం. నాకు ముల్లు కనపడదు. సత్వారం వచ్చి ఏడెనిమిదేండ్లయింది. కారుది తప్పేం లేదు, దాన్ని అమ్మొద్దు. వేరే మనిషిని పెట్టుకో."

"ఏడెనిమిదేండ్లు ఎట్ల తోలినావు మరి?"

"పెద్దశెట్టి సూసేవాడు. నేను సెప్పలేదు సామీ, ఆయప్ప అడగలేదు. ఒకపొద్దు వచ్చి ముందర కూసున్యాడు, అంతే. కడుపులో తిప్పేది ఉత్తమాట. నా పరువు పోకూడదని అట్ల సెప్పినాడు."

రంగనాథం బేలు మీద కూర్చున్నాడు, ఒళ్లు అలిసిపోయినవాడిలా.

"నాకు పదహారేండ్లప్పుడు" అన్నాడు. "అంతకుముందు నాయన నా పక్కన కూర్చునేవాడు. ఒకరోజు లేచి ముందుకు పోయినాడు. నాతో మాట్లాడేది ఆయనకు ఇష్టం లేదనుకున్నా నాగన్నా. పోయేదాకా అట్లే అనుకున్నా. ఆ కారు చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే."

రంగనాథం తలెత్తకుండానే అడిగాడు. "ముందర కూర్చొని అన్నేసి మాటలు ఏం మాట్లాడేవాళ్లు మీరు?"

"ఎక్కువ ముల్లు మాటే సామీ. నువ్వు నిద్రపోయినాక నీ మాట."

"నా మాటేముంది?"

"పిల్లోని మెడ పక్కకు వాలింది, గుంతలు సూసి మెల్లగ పోనీ అనేవాడు. నువ్వు లేసేదాంక అదే మాట. ఆదోని దాటి పోయినా లేపొద్దనేవాడు. నీ నిద్ర కోసరం ఎన్నిసార్లో కోట చుట్టూ ఊరికే తిప్పినాం."

రంగనాథం మొహం బేళ్ల వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదలడం నాగన్నకు స్పష్టంగా కనబడింది. దూరం చూపు అతనికి ఎప్పుడూ బాగానే ఉంది. కాసేపటికి రంగనాథం గుజరీవాడికి రావద్దని కబురు పంపమన్నాడు. రేపు పొద్దున కళ్లజోళ్ల అంగడికి ఇద్దరం పోదామన్నాడు.